రంగు ఆరలేదు, ముట్టుకోవద్దు

ఆ రోజు పొద్దున అమ్మడు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా ఖాళీ రంగు డబ్బాలు ఆఫీసులో అప్పగించాలి. తొమ్మిదింటికి పెద్ద బడికి వెళ్ళి, గోడకు తగిలించిన బోర్డు ఫోటో తీయాలి. పదకొండింటికి పైనుంచి వచ్చే తనిఖీ అధికారిణి ఆ బోర్డు చూసి బాగుందంటే చాలు, రెండేళ్ళుగా టెంపరరీగా నడుస్తున్న ఆమె ఉద్యోగం పర్మినెంటు అవుతుంది. అధికారిణి సంతకం పెట్టాల్సిన కాగితం కూడా అమ్మడే టైపు చేసి, ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టి ఉంచింది.

అమ్మడు పురపాలక ఆఫీసు ఆరోగ్య విభాగంలో టైపిస్టు. సీసం కలిసిన రంగులు ఇకమీదట అమ్మకూడదు, వాడకూడదు అని కొత్తగా చట్టం వచ్చింది. ఆ సంగతి అందరికీ తెలిసేలా ఊళ్ళో ఉన్న ఇరవై నాలుగు బడుల్లోనూ బోర్డులు పెట్టమని ఉత్తర్వు వచ్చింది. ఫ్లెక్సీలు పనికిరావు, చేత్తో రాసిన శాశ్వతమైన బోర్డులే ఉండాలని అందులో ఒక ముక్క ఉంది. ఆ ముక్క చూడగానే అమ్మడు సూపరింటెండెంటు గారి బల్ల ముందు నిలబడి, "సార్, మా నాన్న రాస్తాడు" అంది. రెండేళ్ళలో ఆమె ఆయన్ని అడిగింది అదొక్కటే.

ఆమె తండ్రి బోర్డులు రాసే మేస్త్రి. ఒకప్పుడు ఊళ్ళో ఏ దుకాణం తెరిచినా ముందు ఆయన నిచ్చెన వచ్చేది, తర్వాతే సరుకు వచ్చేది. ఫ్లెక్సీ మిషన్లు వచ్చాక నిచ్చెన పెరట్లో తడిబట్టలు మోస్తోంది. ఎనిమిదేళ్ళ తర్వాత చేతికొచ్చిన ఈ పనిని ఆయన వారం రోజులు అన్నం నీళ్ళు కూడా పట్టించుకోకుండా చేశాడు. నిన్న సాయంత్రం ఆఫీసు వ్యాను బోర్డులన్నీ పట్టుకెళ్ళి బడుల్లో తగిలించింది.

అమ్మడు పెరట్లో డబ్బాలు ఏరుతోంది. నీలం డబ్బాలు నాలుగు, నాలుగూ ఖాళీ. పసుపు డబ్బా ఎత్తబోతే చెయ్యి కిందికి జారింది. డబ్బా నిండుగా ఉంది. మూత గట్టిగా బిగించి ఉంది.

"నాన్నా! పసుపు డబ్బా అసలు తెరవనే లేదేంటి?"

మేస్త్రి టీ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చాడు. "తెరవకపోవడమేంటి? మూత కొంచెం ఎత్తి చూసి మళ్ళీ నొక్కేశాను. అదీ ఒక రంగేనా అమ్మడూ? నీలం మీద వేస్తే కామెర్లు వచ్చినవాడి కళ్ళలా ఉంది. మూడు పూతలు వేసినా పట్టదు. రెండు ఎండాకాలాలకు వెలిసిపోతుంది."

"మరి అక్షరాలు దేంతో రాశావు?"

"మన పాత పసుపుతో."

లోపలి నుంచి తల్లి గొంతు వినిపించింది. "మంచం కింద దాచుకున్నారుగా ఆరు డబ్బాలు! పాతికేళ్ళ నుంచి కన్నపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకుంటున్నారు. ఒకటి అయిపోయిందని నేను సంతోషపడ్డాను. నీకేంటే బాధ?"

"నాన్నా, ఆ పసుపులో సీసం ఉంటుంది."

"ఉంటుంది మరి! అందుకేగా అంత బరువు, అంత నిగ్గు." మేస్త్రి గర్వంగా అన్నాడు. తర్వాత కూతురి ముఖం చూసి కాస్త తగ్గాడు. "నేనేమీ అమ్మలేదు కదే. నా ఇంట్లో రంగు, ఊరికే వాడాను."

"వాడటం కూడా నేరమే నాన్నా. బోర్డు మీద నువ్వే రాశావు. 'సీసం కలిసిన రంగుల అమ్మకం, వాడకం నేరం' అని."

"రాశాను. చదవలేదు."

అది నిజమే. మేస్త్రిది ఒక పద్ధతి. ఒకే రాత ఉన్న బోర్డులు ఎన్ని ఉన్నా అన్నిటినీ గోడకు వరసగా ఆనించి, మొదటి అక్షరం అన్నిటి మీదా రాసుకుంటూ చివరిదాకా పోతాడు. వెనక్కి వచ్చి రెండో అక్షరం మొదలుపెడతాడు. అలా అయితేనే అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు వస్తాయి. ఇరవై నాలుగు 'సీ'లు, ఆ తర్వాత ఇరవై నాలుగు 'సం'లు. మాట వంక చూస్తే చెయ్యి తడబడుతుందని ఆయన గురువు చెప్పాడట. అలా ఆయన ఆ చట్టాన్ని ఇరవై నాలుగుసార్లు రాశాడు గాని ఒక్కసారి కూడా చదవలేదు.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు మేస్త్రి. గ్లాసులో టీ తొణికి చేతి మీద పడింది.

"నువ్వేమీ చెయ్యకు. ఇంట్లోనే ఉండు. నేను ఆఫీసుకెళ్ళి బోర్డులు వెనక్కి తెప్పిస్తాను."

ఆమె డబ్బాలు అక్కడే వదిలేసి స్కూటర్ తీసింది.

సూపరింటెండెంటు గారిని ఆఫీసంతా అర్జెంటు సారు అంటుంది. మంచినీళ్ళు అడిగినా అర్జెంటుగా అడగడం ఆయన అలవాటు. ఆ రోజు ఆయన కొత్త చొక్కా వేసుకుని, అది నలగకుండా కుర్చీలో ఆనుకోకుండా కూర్చున్నాడు.

"సార్, బోర్డుల రంగు విషయం..." అని అమ్మడు మొదలుపెట్టింది.

"ఏమైంది? ఆరలేదా?"

నిజం చెప్పడానికి ఆమె దారి పొడవునా మాటలు కూర్చుకుంది. కానీ అర్జెంటు సారు ప్రశ్నలోనే జవాబు కూడా పెట్టి చేతికిచ్చాడు. ఆమె తల ఊపింది. అంతే. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఆడిన అబద్ధాల్లో అతి చిన్నది అదే. నోరు కూడా తెరవలేదు.

"అందుకని ఒక్కసారి అన్నీ వెనక్కి తెప్పిస్తే..."

"తెప్పిస్తే మేడమ్‌కి ఏం చూపిస్తాం, మేకులా? అర్జెంటుగా ఆరబెట్టాలి!" అంటూ ఆయన ఫోన్ అందుకున్నాడు. ఇరవై నాలుగు బడులకీ ఆయనే స్వయంగా ఫోన్ చేశాడు. "బోర్డు రంగు పచ్చిగా ఉంది. ఎదురుగా ఫ్యాను పెట్టండి. పిల్లలు ముట్టుకోకుండా గట్టిగా చెప్పండి. ఒక్కడు కూడా ముట్టుకోకూడదు!"

అమ్మడు పెద్ద బడి చేరేసరికి బోర్డు ముందు పొడుగాటి స్టాండు ఫ్యాను గిర్రున తిరుగుతోంది. బోర్డు చాలా అందంగా ఉంది. నీలం మీద పసుపు అక్షరాలు అప్పుడే వెలిగించిన దీపాల్లా ఉన్నాయి. ఆమెకు ఒక్క క్షణం గర్వం కలిగింది. ఆ వెంటనే ఆ పసుపు ఏ డబ్బాలోదో గుర్తొచ్చింది.

"ఫ్యాను తీసేద్దామమ్మా," అంది పెద్ద టీచరు. "రంగు ఎప్పుడో ఆరిపోయింది. మా పిల్లలంతా చూసే చెప్పారు."

"ఎలా చూశారు టీచర్ గారూ?"

"ఎలా ఏముంది? ప్రార్థన అయ్యాక నేను మైకులో చెప్పాను, రంగు పచ్చిగా ఉంది ఎవరూ ముట్టుకోవద్దని. క్లాసులకు పోతూ వరసలో ఒక్కొక్కరే వేలు పెట్టి చూసుకుంటూ పోయారు. ఇన్నాళ్ళుగా వరసలో నడవమని మొత్తుకుంటున్నాను, ఇవాళే కుదిరింది."

"అందరూనా?"

"మూడు వందల నలభై మంది. ఇవాళ బడికి రానివాళ్ళు ముట్టుకోలేదు." పెద్ద టీచరు కొంచెం ఆగి, "నేను కూడా చూశాను. డ్రిల్లు మాస్టారు రెండుసార్లు చూశారు," అంది.

"పిల్లల చేత చేతులు కడిగించండి టీచర్ గారూ. సబ్బుతో."

"ఆరిన రంగుకి సబ్బెందుకమ్మా?"

"కడిగించండి, అంతే," అంది అమ్మడు. పెద్ద టీచరు ఆమె ముఖం వంక చూసింది, ఆమె మెడలోని ఆరోగ్య విభాగం కార్డు వంక చూసింది, ఇంకేమీ అడగకుండా గంట కొట్టించింది. 'అడుసు తొక్కనేల, కాలు కడగనేల' అని పిల్లలకు నేర్పే మనిషి ఆమె. అడుసెక్కడుందో తెలియకపోయినా ముందు కడిగించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత, మనకొక్కళ్ళకే ఎందుకు చెప్పారో అనుకుని, మిగతా ఇరవై మూడు బడులకీ ఫోన్ చేసింది.

పది గంటలకు ఊళ్ళో ఏ బడి చూసినా కుళాయి దగ్గర బారులు తీరిన పిల్లలే. గేటు బయట పిల్లవాడికి మర్చిపోయిన పుస్తకం ఇవ్వడానికి వచ్చిన ఒక తల్లి అది చూసింది. "ఎందుకు కడుగుతున్నారు?" అని అడిగింది. "హెల్త్ వాళ్ళు కడగమన్నారు," అన్నారు లోపలివాళ్ళు. ఆమె అన్నది ఒక్క ముక్కే, "ఏదో అంటుకుందేమో." పది నిమిషాల్లో ఆ 'ఏదో'కి జ్వరం వచ్చింది, ఇంకో పది నిమిషాల్లో వాంతులు మొదలయ్యాయి. తల్లిదండ్రులు పనులు వదిలేసి బడుల మీద పడ్డారు.

"మా వాడికేమైంది?"

"మీ వాడికేం, బాగానే ఉన్నాడు. చేతులు కడుక్కుంటున్నాడు."

"వాడు తనంతట తాను చేతులు కడుక్కుంటున్నాడంటే ఏదో అయ్యే ఉంటుంది!"

అర్జెంటు సారుకు ఈ వార్త ఆఫీసులో కాక టీ కొట్టు దగ్గర తెలిసింది. ఊళ్ళో జబ్బు ప్రబలింది, అదీ తన విభాగానికి తెలియకుండా! ఆయన వెంటనే తనిఖీ అధికారిణికి ఫోన్ చేసి, "మేడమ్, మీరు ఇవాళ రావద్దు, ఇక్కడ బడుల్లో ఏదో వ్యాపించింది," అని చెప్పాడు. బోర్డు చూడటానికి పదకొండింటికి రావాల్సిన ఆమె, ఆ మాట విని పది నలభైకే వచ్చింది. ఆరోగ్య శాఖలో మనిషిని జబ్బుందని చెప్పి ఆపడం అర్జెంటు సారుకే చెల్లింది.

ఆమె జీపు గేటు దగ్గర ఆగేసరికి పెద్ద బడి ఆవరణ నిండా జనం. అర్జెంటు సారు నలిగిన కొత్త చొక్కాతో పరుగెత్తుకుంటూ వచ్చాడు. అమ్మడు కుళాయి దగ్గర చిన్న పిల్లల చేతులు రుద్దుతోంది. ఇక దాచి లాభం లేదు, వెళ్ళి చెప్పేద్దాం అని ఆమె చేతులు తుడుచుకుంటుండగా ఒక చప్పుడు వినిపించింది.

గరగరా, గరగరా. గరుకు కాగితం చప్పుడు. ఊయలలో ఉన్నప్పటి నుంచి ఆమె విన్న చప్పుడది. ఆమె తిరిగి చూసింది.

మేస్త్రి స్టూలెక్కి బోర్డు రుద్దుతున్నాడు. చేసిన తప్పు చేత్తోనే దిద్దుకోవాలని ఆయన సైకిలు తొక్కుకుంటూ వచ్చేశాడు. కూతురి ఉద్యోగం పోకూడదు. అక్షరాలు చెరిపేస్తే నేరం కూడా చెరిగిపోతుందని ఆయన లెక్క. అప్పటికే 'సీ' గుడిదీర్ఘం సగం పోయింది. ఆయన తల చుట్టూ పసుపు పొడి సన్నగా లేస్తోంది. ఎదురుగా ఆరబెట్టడానికి పెట్టిన ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంది. స్టూలు చుట్టూ, నోళ్ళు తెరిచి, ముప్ఫై మంది పిల్లలు.

పాత రంగును పొడిగా గీకరాదు, ఆ దుమ్ము పిల్లలకు ప్రమాదం. ఆ సర్క్యులర్ అమ్మడు స్వయంగా టైపు చేసింది. దగ్గరికి వెళ్ళి చెవిలో చెప్పడానికి మధ్యలో ఎంతో జనం. పక్కన చూస్తే అధికారిణి, ఆమె చంకలో అర్జెంటు సారు అప్పుడే అందించిన ఫైలు, ఫైల్లో పైన సంతకం కావాల్సిన ఆ కాగితం.

"నాన్నా, గీకకు! ఆపు! అందులో సీసం ఉంది!"

జనమంతా బోర్డు వైపు తిరిగారు. పెద్ద టీచరే మొదట తేరుకుని ఫ్యాను ప్లగ్గు పీకేసి, పిల్లల్ని క్లాసుల్లోకి తోలింది. మేస్త్రి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"బోర్డులో సీసమా?" అన్నాడు అర్జెంటు సారు. "కంచే చేను మేసిందన్నమాట! మేడమ్, నాకేమీ తెలియదు. ఈ అమ్మాయి... ఈ అమ్మాయి..." కంగారులో ఆయనకు ఆమె పేరు గుర్తుకు రాలేదు. "ఈ అమ్మాయి టెంపరరీ మేడమ్!"

అధికారిణి ముక్కుకు గుడ్డ కట్టుకుని బోర్డు దగ్గరికి వెళ్ళింది. సంచిలోంచి దూది పుల్ల ఒకటి తీసి, మందులో తడిపి, పసుపు అక్షరం మీద రాసింది. పుల్ల ఎర్రబడింది, అంటే సీసం ఉన్నట్టే. కింద పడ్డ పొడిని ఊడవకుండా తడిగుడ్డతో తుడిపించింది. స్టూలు చుట్టూ ఉన్న ముప్ఫై మందినీ మళ్ళీ పిలిపించి, చేతులతో పాటు ముఖాలూ కడిగించి, వాళ్ళ పేర్లు రాసుకుంది. "వీళ్ళకి రక్తపరీక్ష చేయించాలి. మిగతావాళ్ళు వేలుతో ముట్టుకున్నారు, కడుక్కున్నారు. భయపడక్కర్లేదు," అని తల్లిదండ్రులకు చెప్పింది. ఆ తర్వాత మేస్త్రి వైపు తిరిగింది.

"మీరేనా రాసింది?"

"నేనేనమ్మా. మా అమ్మాయికి ఏమీ తెలియదు. ఆఫీసు ఇచ్చిన రంగు పక్కన పెట్టి, నా దగ్గరున్నది వాడాను. శిక్ష ఏదైనా నాకే వెయ్యండి."

అధికారిణి బోర్డు వంక చూడటం లేదు. ఆయన చేతుల వంక చూస్తోంది. "అక్షరాలు ఇంత సన్నగా తేలాయి. కుంచె మొన దేనితో తీరుస్తారు?"

"పెదాలతో." పని గురించి అడిగినందుకు మేస్త్రి ముఖం వెలిగింది. "ఇలా పెదాల మధ్య పెట్టి లాగితే వెంట్రుక మొన వస్తుంది. నలభై రెండేళ్ళుగా అంతేనమ్మా."

"చేతులు వణుకుతాయా?"

"కుంచె పట్టుకుంటే వణకవు. గ్లాసు పట్టుకుంటేనే."

"కడుపులో నొప్పి వస్తుంటుందా? మాటలు, వస్తువులు మర్చిపోతుంటారా? ఊరికే కోపం వస్తుంటుందా?"

"వయసు కదమ్మా."

"ఎంత?"

"యాభై ఎనిమిది."

అమ్మడు కుళాయి గట్టు మీద కూర్చుండిపోయింది. ఈ లక్షణాలన్నీ ఇదే వరసలో ఆమె టైపు చేసింది. ఒకటి, చేతుల వణుకు. రెండు, కడుపునొప్పి. మూడు, మతిమరుపు. ఇరవై ఏడు ప్రతులు తీసి, కుట్టి, సంతకాలు పెట్టించి, ఊరంతా పంపింది. ఆ సాయంత్రమే ఇంటికెళ్ళి, "తాళంచెవి ఎక్కడ పెట్టావో కూడా గుర్తుండదా నాన్నా? టీ అంతా ఒలకబోస్తావేంటి?" అని ఆయన్ని విసుక్కుంది. ఆయన ఒక గుడ్డ తెచ్చి నేల తుడిచాడు. ఆ రోజు టైపులో ఒక్క తప్పు కూడా లేదని అర్జెంటు సారు మెచ్చుకున్నాడు కూడా.

మర్నాడు ఆసుపత్రిలో పిల్లలతో పాటు మేస్త్రి రక్తం కూడా తీశారు. పిల్లల రిపోర్టులన్నీ బాగున్నాయి. మేస్త్రి రిపోర్టు చూసిన డాక్టరు తన కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మందులు రాశాడు. ఇంకెప్పుడూ రంగు ముట్టుకోవద్దన్నాడు. "పోయినంత పోయింది, ఉన్నది నిలబెట్టుకుందాం," అన్నాడు.

మంచం కింద మిగిలిన ఐదు డబ్బాలూ మేస్త్రే సైకిలు మీద పెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్ళాడు. పాత సరుకు అప్పగించమని ఆరు నెలలుగా ఊళ్ళో మైకులో చెబుతున్నా, ఒక్క దుకాణదారు కూడా ఒక్క డబ్బా తేలేదు. ఆయనే మొదటివాడు. డబ్బాలు దించుతుంటే అమ్మడి తల్లి పక్కనే నడిచి వచ్చి, "నెమ్మదండీ," అంది. కన్నపిల్లలనే మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు.

అమ్మడు ఉద్యోగం పోతుందని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఆమె తన డ్రాయరులోని వస్తువులు సంచిలో కూడా సర్దుకుంది. కానీ నెల చివర పై ఆఫీసులో నివేదికలు చూశారు. చట్టం వచ్చినప్పటి నుంచి, పట్టుకున్న ఉల్లంఘనలు ఎన్ని అన్న గడిలో ప్రతి ఊరూ సున్నా రాస్తోంది. ఈ ఊరు మాత్రం ఒక్క పూటలో ఇరవై నాలుగు రాసింది. స్వాధీనం చేసుకున్న వస్తువులు ఇరవై నాలుగు. అప్పగించిన డబ్బాలు ఐదు. చేతులు కడుక్కున్న పిల్లలు నాలుగు వేల పైచిలుకు. నేరాన్ని ఒప్పుకున్న నిందితుడు ఒకడు. ఇంత చురుకైన విభాగం ఇంకెక్కడా లేదని అర్జెంటు సారుకు ప్రశంసాపత్రం వచ్చింది. నేరాన్ని బయటపెట్టిన టైపిస్టును పర్మినెంటు చేయమని అధికారిణి స్వయంగా సిఫారసు చేసింది.

ఆ తర్వాత వెళ్ళాల్సిన రెండు కాగితాలూ అమ్మడే టైపు చేయాల్సి వచ్చింది. ఆఫీసులో ఇంకో టైపిస్టు లేదు. ఒకటి తన ఉద్యోగం ఖాయం చేసే కాగితం. రెండోది నిందితుడికి హెచ్చరిక నోటీసు. నోటీసు అందినట్టు సంతకం కోసం దాన్ని ఇంటికి తీసుకెళ్ళి తండ్రి ముందు పెట్టింది. నలభై రెండేళ్ళు ఊళ్ళోవాళ్ళ పేర్లన్నీ గోడలెక్కించిన మనిషి, తన పేరు రెండుసార్లు కొట్టేసి మూడోసారి రాశాడు.

"బాగా రాలేదే," అన్నాడు.

"బాగానే ఉంది నాన్నా."

"పర్మినెంటు కాగితం కూడా పంపించేశావా?"

"ఆ."

"అయితే చాలు," అన్నాడు మేస్త్రి.

పదిహేను రోజుల తర్వాత పై ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఉద్యోగ పత్రంలో తండ్రి పేరు అన్న చోటా, నోటీసులో నిందితుడి పేరు అన్న చోటా ఒకే పేరు కనిపిస్తోందనీ, టైపింగు పొరపాటైతే సరిచేసి పంపగలరనీ అందులో ఉంది.

టైపింగులో పొరపాటేమీ లేదని ఆమె జవాబు రాసింది.